తెరలోంచి డాక్టరమ్మ అడిగిన మాట

మండవల్లి అవతల, చెరువు గట్టు మీద నుంచి,
శుక్రవారం మధ్యాహ్నం.

సుబ్బక్కకి నీ చెల్లెలు నాగమణి నమస్కారాలు పెట్టి రాస్తున్నది.

అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారికి దగ్గు తగ్గిందా? హారిక ఎలా చదువుతోంది? కాలవకి నీళ్ళు వదిలారా, మన వైపు ఊడ్పులు మొదలయ్యాయా? అన్నీ వివరంగా చెప్పు. ఇక్కడ మేం క్షేమం అని రాయడం ఆనవాయితీ గానీ, ఆ ముక్క రాయడానికి చెయ్యి ఆడట్లేదు. అలాగని కంగారు పడకు. లేచి తిరుగుతున్నాను, వంట చేసుకుంటున్నాను, అన్నం తింటున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరం రాసేవాళ్ళెవరు, ఏం కొంప మునిగిందో అనుకుంటావని తెలుసు. ఫోన్లో చెబుదామంటే మీ ఇంట్లో స్పీకరు పెడితే గానీ అమ్మకి వినపడదు. అమ్మకి వినపడితే వీధికంతా వినపడినట్టే. ఇక్కడేమో ఫోను ఆయనది, చెరువు ఓనరు గారు ఎప్పుడు చేస్తారో తెలీదని జేబులోంచి తియ్యరు. అందుకని వచ్చేటప్పుడు తెచ్చుకున్న హారిక పాత నోటు పుస్తకంలో మిగిలిన కాగితాలు చింపి రాస్తున్నాను. నువ్వొక్కదానివే చదువు. బావగారు అడిగితే, చెల్లి పాత నూలు చీరలు పంపమని రాసిందని చెప్పు. అది అబద్ధం కాదు. అక్కడ నా పెట్టెలో అడుగున రెండున్నాయి, ఉతికి ఉతికి మెత్తబడిపోయినవి. అవి పంపు. డాక్టరమ్మ లోపలికి నూలువే వేసుకోమన్నారు, కోసి కుట్టుకుంటాను.

డాక్టరమ్మ ఎవరని అడుగుతావు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మేం వచ్చి ఎనిమిది నెలలైంది కదా. కౌలుకి చేసే చేనులో ఆసామి చేపల చెరువు తవ్వించేశాక, మీ మరిది గారు ఆ చెరువుల పనే వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చారు. వచ్చిన కొత్తలో నీకు ఫోన్లో ఏం చెప్పానో గుర్తుందా? చుట్టూ నీళ్ళే అక్కా, పొద్దున్నే గూడబాతులు వచ్చి వాలుతుంటే తిరునాళ్ళలా ఉంటుందని చెప్పాను. అమ్మ ఎంత మురిసిపోయిందో. అదంతా నిజమే. కానీ సగం చెప్పాను. మేముండేది గట్టు మీద రేకుల షెడ్డులో. ముందు గదిలో చేపల మేతకి తవుడు బస్తాలు, చెక్క బస్తాలు, వెనక గదిలో మేం. ఎండ ఎక్కితే రేకులు పెనంలా కాలతాయి. తవుడు ముక్కి, ఆ కంపు బట్టల్లోకీ అన్నంలోకీ వచ్చేస్తుంది. చేపలకి కొదవ లేదు, శీలావతీ బొచ్చే తిని తిని మొహం మొత్తింది. ఒక్క తోటకూర కట్ట కావాలంటే మాత్రం మండవల్లి వెళ్ళాలి. తాగే నీళ్ళు టిన్నుల్లో వస్తాయి, ఆటో అబ్బి రోజు విడిచి రోజు వేసి వెళ్తాడు. చెరువు నీళ్ళు తాగడానికి పనికిరావు, మొహం కడుక్కుంటేనే దురద పెడతాయి. మాట్లాడదామంటే ఆడమనిషి లేదు. మేత సంచులు కట్టేవాళ్ళు, పడవ తోసేవాళ్ళు, వలల వాళ్ళు, లారీ వాళ్ళు, అందరూ మగవాళ్ళే. ఒక్కోరోజు గూడబాతులతో మాట్లాడతాను. నవ్వకు.

దొడ్డి లేదక్కా. గట్టు చూస్తే బల్లపరుపు, ఒక చెట్టు లేదు, పొద లేదు. మైలు దూరం నుంచి మనిషి కూర్చున్నా కనపడుతుంది. ఓనరు గారు పండక్కి ముందు కట్టిస్తానన్నారు, పండగ అయ్యాక కట్టిస్తానన్నారు, ఈ చేపల పట్టుబడి కానివ్వండన్నారు. నేను తెల్లారకుండా ఒకసారి వెళ్ళేదాన్ని, చీకటి పడ్డాక ఒకసారి. ఈ మధ్యలో ఏమీ లేదు. అందుకని నీళ్ళు మానేశాను. దాహం వేస్తే నోరు పుక్కిలించి ఊసేదాన్ని. చుట్టూ ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఎవరైనా అలా చేస్తారా అనుకుంటావు. చేశాను.

రెండో నెలలో మొదలైంది మంట. నిప్పు మీద కూర్చున్నట్టు. క్షణానికోసారి వస్తున్నట్టుంటుంది, వెళ్తే నాలుగు చుక్కలు. చీకటిదాకా ఆగాలంటే కడుపు కింద రాయి పెట్టినట్టు ఉండేది. మంచం కోడు పట్టుకుని నిలబడేదాన్ని. అమ్మకి ఫోన్ చేస్తే, 'వేడి చేసిందే, ఉప్పుగాలి పడలేదు నీకు, సబ్జా గింజలు నానేసుకుని తాగు' అంది. ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే అని కూడా అంది. నువ్వు బార్లీ కాచుకోమన్నావు. కాచుకున్నాను, తాగలేదు. తాగితే మళ్ళీ వెళ్ళాలి కదా.

మీ మరిది గారు మండవల్లిలో ఆర్‌ఎంపీ గారి దగ్గరికి వెళ్ళి, నన్ను చూపించకుండానే మాత్రలు తెచ్చారు. నాలుగు మాత్రలు, కత్తెరతో కోసిన ముక్క. మీద పేరు లేదు. వేసుకుంటే తగ్గింది. ఇరవై రోజులకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ నాలుగు. అలా మూడుసార్లు.

అప్పుడెవరో ఆయనతో చెప్పారట, ఇప్పుడు ఫోన్లోనే డాక్టర్లు చూస్తున్నారు, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, మందుల చీటీ ఫోనుకే వస్తుందని. ఆయనకి సంబరమైపోయింది. పని పోకుండా వైద్యం అయిపోతుంది కదా. షెడ్డులో సిగ్నల్ ఉండదు, తూము మీదికి వెళ్తే వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఇద్దరం తూము మీద నిలబడ్డాం. గాలి హోరు. ఎదురు చెరువులో పడవ మీద నలుగురు మేత సంచులు కడుతున్నారు. ఫోను ఆయన చేతిలో. తెర మీద చిన్న వయసు డాక్టరు గారు.

"చెప్పండి, ఏంటి ప్రాబ్లం?"

"మా ఆవిడకండీ. కొంచెం వేడి చేసిందండీ."

"వేడంటే జ్వరమా?"

"కాదండీ, అదేనండీ, ఆడవాళ్ళకి వస్తాది కదండీ, ఆ వేడండీ."

"మూత్రం పోసేటప్పుడు మంటా?"

ఆయన నా వైపు చూశారు. నేను తలూపాను. "ఆయ్, అదేనండీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండ్రోజులండీ."

నెలల తరబడి ఉంది అక్కా. ఈసారి మళ్ళీ వచ్చిందని ఆయనకి నేను చెప్పింది మాత్రం రెండ్రోజుల కిందటే.

"ఇంతకుముందు వచ్చిందా? ఏమైనా మందులు వాడారా?"

"లేదండీ, ఇదే మొదలండీ."

ఎందుకు అలా చెప్పారంటే, ఆర్‌ఎంపీ మందులని చెబితే డాక్టరు గారు కోప్పడతారేమోనని. జ్వరం ఉందా, వెన్ను పక్కన నొప్పి ఉందా అని కూడా అడిగారు. అన్నిటికీ లేదండీ, లేదండీ. చివరికి ఆ డాక్టరు గారే, "ఒకసారి పేషెంటుని మాట్లాడనివ్వండి" అన్నారు. మంచివాడు. ఆయన ఫోను నా మొహం ముందు పెట్టారు.

"చెప్పమ్మా, వినపడట్లేదు, కొంచెం గట్టిగా చెప్పండి."

గట్టిగా చెప్పాలట. పడవ మీద నలుగురూ చేతులు ఆపేసి ఇటే చూస్తున్నారు. "అంతేనండీ. ఆయన చెప్పినట్టేనండీ" అన్నాను. అన్నది నేనే అక్కా, ఎవరూ నోరు నొక్కలేదు.

ఆ డాక్టరు గారు చెప్పాల్సినవన్నీ చెప్పారు. మాత్ర వేసుకోకముందే మూత్రం పరీక్షకి ఇవ్వమన్నారు, కల్చర్ అని ఏదో. అయిదు రోజులూ మందు మానకూడదన్నారు. జ్వరం గానీ, చలి గానీ వస్తే ఫోను కాదు, ఆసుపత్రికే వెళ్ళాలన్నారు. మీ మరిది గారు అన్నిటికీ ఆయ్ అన్నారు. పరీక్షకి కైకలూరు వెళ్ళాలి, ఒక పూట పోతుంది, మాత్ర ఎలాగూ రాశారు కదా అని మాత్రలే తెచ్చారు. మూడో రోజుకి మంట తగ్గింది. "మిగతావి దాచు, మళ్ళీ వస్తే పనికొస్తాయి" అన్నారు. డబ్బాలో పోపుగింజల పక్కన దాచాను.

పది రోజులు గడిచాయి. పెద్ద చెరువు పట్టుబడి రోజు. తెల్లారేసరికి వల వాళ్ళు దిగారు, ఐసు లారీ వచ్చి నిలబడింది. పద్దెనిమిది మందికి టీలు కాచాను, అన్నం వండాను. పదకొండు గంటలకి వణుకు పట్టుకుంది. ఆ ఎండలో, ఆ రేకుల కింద, దుప్పటి కప్పుకుని వణికాను. కుడి పక్క, డొక్క కింద, కత్తి దించినట్టు నొప్పి. వాంతి అయింది. దుప్పటితోనే గట్టు మీదికి వెళ్ళి ఆయన్ని పిలిచాను. కాటా దగ్గర ఉన్నారు.

"ఏవండీ, నాకు బాగోలేదండీ. ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

"ఇంకో గంటన్నర ఆగవే, లారీ పంపేసి వెళ్దాం. ఐసు కరిగిపోతుంది."

ఆయన చెడ్డవాడు కాదు అక్కా. నీకు తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ మాట విన్నాక ఆయన మొహం వైపు చూడబుద్ధి కాలేదు. చేపలకి ఐసు కరిగిపోతోంది, నేను కాలిపోతున్నాను. వెనక్కి తిరిగి గట్టు వెంట నడిచాను. ఊళ్ళో హెల్త్ సెంటరు మూడు కిలోమీటర్లు. మధ్యలో రెండుసార్లు కూలబడ్డాను. ఎవరో సైకిలు మీద వెళ్తూ, "ఏమ్మా, తాగావా?" అన్నాడు. తాగకపోబట్టే నాయనా అనుకున్నాను.

అక్కడ నర్సు కుమారి గారు ఉన్నారు. పోలియో చుక్కలప్పుడు గట్టు మీదికి వచ్చి, పిల్లలెవరూ లేరని రాసుకుని వెళ్ళినావిడ. నన్ను చూడగానే కూర్చోబెట్టి జ్వరం చూశారు, నూట మూడు. "లేడీ డాక్టరు గారు లైన్లో ఉన్నారు, మాట్లాడదువు గాని రా" అని లోపల గదిలోకి తీసుకెళ్ళి, కంప్యూటర్ ముందు కుర్చీ వేశారు. తర్వాత వెళ్ళి తలుపు వేశారు. అక్కా, ఆ గదికి తలుపు ఉంది. తలుపు వేసిన చప్పుడుకే నాకు ఏడుపొచ్చింది.

తెర మీద నడివయసు ఆవిడ. ఏలూరులో కూర్చుని చూస్తున్నారట. ఒకటొకటే అడిగారు. ఈసారి అన్నీ నేనే చెప్పాను. ఆర్‌ఎంపీ మాత్రల సంగతి చెప్పాను, మూడు రోజులకే ఆపేసిన సంగతి చెప్పాను. ఆవిడ తిట్టలేదు, రాసుకున్నారు. నర్సమ్మని పిలిచి డొక్కలో నొక్కి చూడమన్నారు. నొక్కితే కేక పెట్టాను.

"రోజుకి నీళ్ళు ఎంత తాగుతారమ్మా?"

"తక్కువేనండీ."

"తక్కువంటే?"

"ఒక గ్లాసండీ. ఒక్కోరోజు గ్లాసున్నర."

"ఈ ఎండల్లోనా? ఎందుకమ్మా?"

నేను తలుపు వేసే ఉందా అని చూశాను. ఆవిడ నా వైపే చూస్తున్నారు.

"మీరుండే చోట దొడ్డి ఉందా?"

"లేదండీ."

"మరి ఎక్కడికి వెళ్తారు?"

"చీకటి పడ్డాకండీ."

"తెల్లారిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా వెళ్ళరా?"

"ఎలా వెళ్తానండీ, చుట్టూ మగవాళ్ళండీ" అని, ఇంక ఆపుకోలేక బావురుమన్నాను.

నీకు కోపం వచ్చినా సరే, ఇది రాయకుండా ఉండలేను అక్కా. అమ్మ వేడి చేసిందంది. నువ్వు బార్లీ అన్నావు. ఆయన మాత్రలు తెచ్చారు. ఎనిమిది నెలల్లో ఎన్ని ఫోన్లు చేసుకున్నాం! కూరేం వండావు, వానలు పడ్డాయా, చేపలు ఎలా ఉన్నాయి, అన్నీ అడిగారు. అమ్మాయి అక్కడ కూర్చోవడానికి చాటుందా అని ఒక్కరు అడగలేదు. నా ఊరూ పేరూ తెలియని మనిషి, మొహం కూడా ముక్కలు ముక్కలుగా కనపడే ఆ తెరలోంచి అడిగింది.

"ఇది ఇంక ఇక్కడి నుంచి చూసే జబ్బు కాదమ్మా. కిడ్నీ దాకా వెళ్ళింది. ఇవాళే ఏలూరు వచ్చి అడ్మిట్ అవ్వాలి. రేపు కాదు."

"ఆయన పనిలో ఉన్నారండీ."

"జ్వరం ఆయనకి కాదు కదమ్మా."

కుమారి గారు డాక్టరమ్మ పంపిన చీటీ కాగితం మీద తీసి, ఆటో మాట్లాడి, కైకలూరు దాకా వచ్చి ఏలూరు బస్సెక్కించారు. అంబులెన్సు ఇంకో కేసు మీద వెళ్ళిందట. కండక్టరుతో చెప్పి ముందు సీటు ఇప్పించారు. మీ మరిది గారికి ఫోన్ చేసి గట్టిగానే చెప్పారట. కొల్లేటి మీదుగా వెళ్తుంటే కిటికీలోంచి ఎటు చూసినా నీళ్ళే. నాకేమో మళ్ళీ వస్తోంది. బస్సు ఆపమని అడగలేకపోయాను. ఆ జ్వరంలో కూడా పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. అదొక్కటే కదా మనకి బాగా వచ్చిన విద్య.

ఆసుపత్రిలో చీటీ చూపించగానే చేర్చుకున్నారు. నాలుగు రోజులున్నాను. చేతికి సూది, సెలైను. సాయంత్రానికి ఆయన వచ్చారు, ఒళ్ళంతా చేపల కంపు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఆ నాలుగు రోజులు ఫోన్ చేయలేదేంటని నువ్వు అడిగితే, సిగ్నల్ లేదన్నాను కదా. అబద్ధం. వార్డులో ఉన్నాను. నవ్వుతావో ఏడుస్తావో గానీ, నాకు ఆ వార్డులో బాగుంది. పది అడుగుల దూరంలో బాత్రూము, గొళ్ళెం ఉన్న తలుపు. చెంబులు చెంబులు నీళ్ళు తాగి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళాను. పక్క మంచం ముసలావిడ, "ఏమే పిల్లా, తిరునాళ్ళకి వెళ్ళినట్టు వెళ్తున్నావు" అని నవ్వింది.

పరీక్ష రిపోర్టు వచ్చాక అక్కడి డాక్టరు చెప్పారు. సగం సగం మందులు వేసుకుని ఆపేయడం వల్ల ఆ పాత మాత్రలు ఈ పురుగు మీద పని చెయ్యట్లేదట, అందుకే వేరే సూది మందు. ఆపుకునే అలవాటు ఎప్పట్నుంచి అని అడిగారు. చెరువు దగ్గరికి వచ్చాకే అని చెప్పబోయాను. కానీ అది నిజం కాదు. ఆరో తరగతిలో హైస్కూల్లో చేరిన రోజు నువ్వే చెప్పావు. 'పొద్దున్న నీళ్ళు తాగకు మణీ, అక్కడ బాత్రూముకి తలుపు లేదు, సాయంత్రం ఇంటికొచ్చాక వెళ్దువు గాని.' నీకు ఎవరు చెప్పారో నాకు తెలీదు, అమ్మే చెప్పి ఉంటుంది. నిన్ను తప్పు పట్టట్లేదు. నా మంచికే చెప్పావు. కానీ హారికని అడుగు అక్కా. స్కూలుకి తీసుకెళ్ళే బాటిల్ సాయంత్రం ఎంత మిగులుతుందో చూడు. నిండుగా తిరిగొస్తుంటే, మార్కుల సంగతి తర్వాత, ముందు బడికి వెళ్ళి మాట్లాడు. నువ్వు వెళ్ళకపోతే నేనే వచ్చి మాట్లాడతాను.

ఇంటికి వచ్చాక పది రోజులు మాత్రలు. ఒక్కటి మానలేదు. వారానికోసారి కుమారి గారి సెంటరుకి వెళ్ళి అదే డాక్టరమ్మతో మాట్లాడమన్నారు. మొదటిసారి మీ మరిది గారు కూడా వచ్చారు. ఆవిడ రిపోర్టు చూసి, జ్వరం అడిగి, "దొడ్డి సంగతేమైంది?" అన్నారు. గుర్తు పెట్టుకున్నారు అక్కా, రోజుకి ఎంతమందిని చూస్తారో, నన్ను గుర్తు పెట్టుకున్నారు.

మీ మరిది గారు, "ఓనరు గారు కట్టిస్తానన్నారండీ" అన్నారు.

"మీరు ఎక్కడికి వెళ్తారండీ?"

"మాకేముందండీ, మగవాళ్ళం, గట్టు పక్కనే…" అని ఆగిపోయారు.

ఆ రోజే ఓనరు గారిని అడిగారు. ఆయన ఏమన్నారో దాచుకోకుండా నాకు చెప్పారు. "చెరువు మీద కాపలాకి ఫ్యామిలీని ఎవరు తెచ్చుకోమన్నారయ్యా? ఊళ్ళో పెట్టుకోవాల్సింది." పద్దెనిమిది మందికి వండేటప్పుడు మాత్రం ఫ్యామిలీ కావాలి.

తర్వాత నెలకి, మేత కంపెనీ వాళ్ళు చెరువులు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అందులో ఇద్దరు ఆడాఫీసర్లు. ఇసక వచ్చింది, సిమెంటు వచ్చింది, మేస్త్రీలు వచ్చారు. ఎనిమిది నెలల్లో లేవని గోడలు అయిదు రోజుల్లో లేచాయి. తెల్ల టైల్సు, అద్దం, నీళ్ళ డ్రమ్ము. నేను పిచ్చిదాన్ని, సంతోషించాను. వాళ్ళొచ్చే రోజు తెల్లారగట్ల లేచి అదంతా కడిగాను, ముగ్గు కూడా వేశాను. ఆ ఆడపిల్లలిద్దరూ గంటసేపున్నారు. వెళ్తూ నాకు థాంక్స్ చెప్పి వెళ్ళారు. వాళ్ళ కారు వెనకాలే ఓనరు గారి కారు. పోతూ పోతూ దొడ్డికి తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకుని పోయారు. పనివాళ్ళు పాడు చేస్తారట.

రెండ్రోజులు ఆ తాళం వైపు చూస్తూ గడిపాను. డాక్టరమ్మ చెప్పినట్టు నీళ్ళు తాగుతున్నాను, తాగినవి లోపల నిలవవు కదా. మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకి, కడుపు కింద మళ్ళీ ఆ రాయి బరువు. భయం వేసింది అక్కా. ఆ వణుకు, ఆ డొక్కలో కత్తి గుర్తొచ్చాయి. షెడ్డులోకి వెళ్ళి గునపం తెచ్చాను. పడవ మీద ఆ నలుగురూ ఉన్నారు. చూస్తే చూడనీ అనుకున్నాను. మూడు దెబ్బలకి గొళ్ళెంతో సహా తాళం ఊడి వచ్చింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

బయటికి వచ్చేసరికి మీ మరిది గారు పరుగెత్తుకుంటూ వచ్చి నిలబడి ఉన్నారు. మొహం తెల్లబోయి ఉంది.

"ఏం పని చేశావే? ఓనరు గారికి ఏమని చెప్పను?"

"మా ఆవిడకి కూడా మూత్రం వస్తుందండీ అని చెప్పండి."

గట్టిగానే అన్నాను. పడవ మీది వాళ్ళకి కూడా వినపడింది. తూము మీద నిలబడి డాక్టరు గారికి చెప్పలేని మాట, ఆ రోజు ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఎవరూ నవ్వలేదు. అందులో పెద్దాయన తల తిప్పుకుని మేత సంచి కట్టుకున్నాడు.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. ఓనరు గారు వచ్చారు, ఊడిన గొళ్ళెం చూశారు, నాతో ఏమీ అనలేదు. మీ మరిది గారిని పక్కకి పిలిచి, ఈ పంట అయ్యాక వేరే చోటు చూసుకోండని చెప్పి వెళ్ళారు. వేరే చోటంటే ఇంకో చెరువు, ఇంకో గట్టు. అక్కడ ఏముంటుందో, ఏముండదో. నా ఒంట్లో మాత్రం ఇప్పుడు బాగానే ఉంది, నిజంగానే చెబుతున్నాను. మంట లేదు, జ్వరం లేదు. మొన్న డాక్టరమ్మ కూడా రిపోర్టు బాగుందన్నారు. గొళ్ళెం సంగతి చెబితే మాత్రం "నీళ్ళు మానకండి" అన్నారు, అంతే.

అమ్మ నాకోసం చిన్నతిరుపతి మొక్కుకుందని అన్నావు. తీర్చుకోమను, స్వామికి దణ్ణం పెట్టుకోమను. జబ్బు పేరు మాత్రం చెప్పకు. కాదు, చెప్పు. నువ్వే చెప్పు, స్పీకరు లేకుండా, చెవిలో. వేడి కాదని చెప్పు. బావగారికి నమస్కారాలు, హారికకి ముద్దులు. పాత చీరలతో పాటు గూడెం సంతకి ఎవరైనా వెళ్తే నాలుగు కిలోల ఉల్లిపాయలు, కాస్త చింతపండు పంపు. ఈ ఉత్తరం కుమారి గారు పోస్టులో వేస్తానన్నారు. జవాబు సెంటరుకే రాయి, ఆవిడ పేరు మీద. నీ చేతి రాత చూసి చాలా రోజులైంది.

మీ మరిది గారు తొమ్మిది రోజులుగా నాతో మాట్లాడట్లేదు. నేనూ మాట్లాడట్లేదు. అన్నం పెడతాను, తింటారు. కానీ రోజూ పొద్దున్న నేను లేచేసరికి దొడ్లో డ్రమ్ము నిండా నీళ్ళుంటాయి. ఎవరు నింపుతున్నారో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చేసిన మొదటి మంచి పని అని అనుకోనా, ఇంత అయ్యాక గానీ చెయ్యలేదని ఏడవనా? తెలీట్లేదక్కా. నీళ్ళు మాత్రం వాడుకుంటున్నాను.

అమ్మ పాదాలకీ నీ పాదాలకీ మొక్కుతూ,

నీ మణి.